మిర్చి ఇప్పుడే అమ్మాలా, దాచాలా: పట్టిక వేసి తేల్చవచ్చా?

గుంటూరు జిల్లా రైతు:
ఎంబీఏ చదువుతున్న మా అమ్మాయి తేజ రకం మిర్చి మీద ప్రతిఫలాల పట్టిక (ఏ నిర్ణయానికి, ఏ ధరకు చేతికి ఎంత వస్తుందో చూపే పట్టిక) వేసింది. అంకెలు లెక్క కోసం అనుకున్నవే. ఇప్పుడు అమ్మితే క్వింటాకు 12,000. కోల్డ్ స్టోరేజీలో పెడితే అద్దె, వడ్డీ, హమాలీ, తరుగు కలిపి ఖర్చు 1,500. ధర 16,000కు పెరిగితే చేతికి 14,500, అలాగే ఉంటే 10,500, 9,000కు పడితే 7,500. అవకాశాలు వరుసగా నూటికి 50, 30, 20 అనుకుంటే సగటు 11,900. అందుకే అమ్మేయమంటోంది. దీన్ని నమ్మవచ్చా?

కమీషన్ వ్యాపారి:
నమ్మవద్దు. ఆ 50, 30, 20 ఎక్కడివి? వాటిని 60, 20, 20 చేయండి, సగటు 12,300 అవుతుంది, అదే పట్టిక దాచమంటుంది. చైనా ఎంత కొంటుందో, మధ్యప్రదేశ్‌లో పంట ఎలా ఉంటుందో, గిడ్డంగుల్లో పాత సరుకు ఎప్పుడు బయటికొస్తుందో నూటికి ఇంత అని ఎవరు చెప్పగలరు? కొలవగలిగే రిస్కు వేరు, కొలతకు అందని అనిశ్చితి వేరు అని ఆర్థికవేత్త ఫ్రాంక్ నైట్ 1921లోనే రాశాడు. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయి, కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాకు 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. అంతకుముందు ఏడాది సరుకు దాచినవారిలో ఎందరు తమ పట్టికలో ధర పడిపోయే ఆ గడి గీసుకున్నారు?

స్టాటిస్టిక్స్ అధ్యాపకురాలు:
అంకె మారితే సలహా మారడమే ఇక్కడ తెలుసుకోవలసిన విషయం. ధర నిలకడగా ఉండే, పడిపోయే అవకాశాలు సమానమే అనుకుంటే, పెరిగే అవకాశం నూటికి సుమారు 55 దాటితేనే దాచడం గిట్టుతుంది. మీకు అంత నమ్మకం ఉందా? అవకాశాలు చెప్పలేనప్పుడు కూడా దారి ఉంది. గణాంకవేత్త సావేజ్ 1951లో వివరించిన పద్ధతిలో పశ్చాత్తాపాన్ని కొలుస్తారు: అమ్మాక పెరిగితే పోయేది 2,500, దాచాక పడితే పోయేది 4,500. పోయేది తక్కువ కాబట్టి అమ్మడమే మేలు.

సగటును నమ్మవద్దనడంలో మాత్రం వ్యాపారి గారి వైపే ఉన్నాను. ఏటా వందల లాట్లు తిప్పే వ్యాపారికి సగటు పనికొస్తుంది. అప్పు చేసి కౌలుకు వేసిన రైతు 7,500 గడిలో ఒక్కసారి పడితే మరుసటి ఏడు విత్తనానికే డబ్బుండదు. ఒకే రూపాయి అందరికీ ఒకే విలువ కాదని గణిత శాస్త్రవేత్త డేనియల్ బెర్నూలీ 1738లోనే చూపించాడు. ఆ తేడా పట్టికలో చేరకపోతే లెక్క తప్పు.

అసలు లోపం, మీ అమ్మాయి గారు అమ్మడం, దాచడం అని రెండే వరుసలు పెట్టడం. నిర్ణయ వృక్షం (ఒక్కో దారిని ఒక్కో కొమ్మగా చూపే బొమ్మ) గీస్తే మూడో కొమ్మ కనిపిస్తుంది: అప్పు తీరేంత సరుకు ఇప్పుడు అమ్మి, మిగతాది ఖరీఫ్ సాగు విస్తీర్ణం తెలిసేదాకా ఉంచి, అప్పుడు మళ్లీ నిర్ణయించడం.

కమీషన్ వ్యాపారి:
కొంత అమ్మమనడం సరైన మాటే, అమ్మా. అయితే సాగు తగ్గిందన్న కబురు అందరికీ ఒకేసారి చేరుతుంది. ధర లేవగానే గిడ్డంగులన్నీ తెరుచుకుంటాయి. ఆ కొమ్మ చివర 16,000 రాయకండి.

గుంటూరు జిల్లా రైతు:
ఆ కొమ్మకు 14,000 పెట్టి చూస్తాం. దాచిన సరుకు మీద బ్యాంకు రుణానికి వడ్డీ ఎంతో రేపు కనుక్కుని ఆ 1,500 కూడా సరిచేస్తాం. ముందుగా అప్పు తీరేంత సరుకు యార్డుకు తోలుతున్నాను.