టెక్కలి వైపు రోడ్డు పాడవడానికి కారణం లారీ టైర్లా, కింద మట్టా?

రోడ్డు పక్కింటోడు: టెక్కలి క్వారీల గ్రానైట్ బ్లాకులు మా ఊరి మీదుగానే పోతాయి. తారు వేసి రెండు వానాకాలాలు కాలేదు, చక్రాలు నడిచే చోట రెండు గాడులు పడ్డాయి. బైకు గాడిలో దిగితే బయటికి తియ్యడానికి టెన్షనే. ఈ లారీలు ఆపేయాలంటాను.

లారీ ఓనర్, నరసన్నపేట: అన్నీ మా మీదకేనా బాబూ? 2018లో కేంద్రమే నాలుగు టైర్ల యాక్సిల్ (ఇరుసు) మీద పడనిచ్చే లోడుని 10.2 టన్నుల నుంచి 11.5కి పెంచింది. గ్రానైట్ ఘనమీటరే దాదాపు 2.7 టన్నులు, బ్లాకుని సగానికి కోసి ఎక్కించలేం కదా. కాంట్రాక్టరు తారు కింద మెటల్ (కంకర రాళ్లు) మందం తగ్గిస్తే ఎవరూ అడగరు.

సివిల్ ఇంజనీర్, విజయనగరం: ఓనర్ గారూ, రూల్లో ఉన్న లోడైనా రోడ్డుని అరగదీస్తుంది. 1958-60ల్లో అమెరికాలో ప్రత్యేకంగా రోడ్లు వేసి, లారీలు తిప్పి మరీ చూశారు. యాక్సిల్ బరువు రెట్టింపైతే నష్టం సుమారు 16 రెట్లని తేలింది. ఆ లెక్కన 10.2 నుంచి 11.5కి పెరిగితేనే 1.6 రెట్లు. అదే యాక్సిల్ మీద 15 టన్నులు ఎక్కిస్తే నాలుగున్నర రెట్లు దాటుతుంది. టైర్లో గాలి బిగిస్తే దెబ్బ ముఖ్యంగా పైన తారుకి. లోతున మట్టికి తగిలేది మొత్తం బరువే.

రైతు: మొన్న మంచినీళ్ల పైపు కోసం రోడ్డు కోస్తే గట్టు మీద కూర్చుని చూశాను. తారు రెండు వేళ్ల మందం. కింద మెటల్ రాళ్లు మట్టిలోకి దిగిపోయాయి, మట్టేమో రాళ్ల సందుల్లోకి ఎక్కింది. పిడికిట్లో పడితే ముద్దయిపోయింది. రోడ్డు పక్క మురుగు కాలవ వైపు గాడి ఇంకా లోతు.

సివిల్ ఇంజనీర్: అదీ సంగతి. మట్టి బలం చూసే సీబీఆర్ పరీక్షకి నమూనాని 4 రోజులు నీళ్లలో నానబెట్టేది అందుకే. ఎండాకాలంలో మోసిన మట్టి నానితే అదే లారీని మొయ్యలేదు.

లారీ ఓనర్: అంటే తప్పు నీళ్లది!

సివిల్ ఇంజనీర్: నీళ్లు మెత్తబరుస్తాయి, తొక్కేది మీ బండే. ఓవర్‌లోడు ఆగినా కాలవ పూడి ఉంటే రోడ్డు నిలవదు, కాలవ తీసినా ఓవర్‌లోడుకి ఆగదు. నన్నడిగితే వానాకాలం నాలుగు నెలలు లోడు తగ్గించాలి.

లారీ ఓనర్: సరే, రేపు నా కాటా చీటీ ఫొటో పెడతాను. ఆ కాలవ ఫొటో కూడా ఎవరైనా పెట్టండి.

రోడ్డు పక్కింటోడు: కాలవ పూడింది మా ఇంటి ముందే. అందులో పెంట మాదే, ఆదివారం తీయిస్తాను. చీటీ మాత్రం పెట్టండి.