ఇంట్లో చేసిన పవర్ సప్లైలో కరెంటు నియంత్రణ

ప్రశ్న: ఎస్పీ రోడ్డులో కొన్న 18 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరుతో, ఎల్‌ఎం317 అనే వోల్టేజీ రెగ్యులేటరు ఐసీతో బెంచ్ పవర్ సప్లై (ప్రయోగాల బల్లపై వాడేది) తయారుచేశాను. వోల్టేజీ అదుపులోనే ఉంది. కరెంటును కూడా 50 మిల్లీఆంపియర్ల నుంచి 1 ఆంపియరు దాకా నాబ్‌తో మార్చుకోవడం ఎలాగో దయచేసి తెలుపగలరు.

జవాబు 1: దానికి ముందు మరో ఎల్‌ఎం317 పెట్టి, ఔట్‌పుట్, అడ్జస్ట్ పిన్నుల మధ్య రెసిస్టరు కలిపి, అడ్జస్ట్ వైపు నుంచి కరెంటు తీసుకోండి. 2.5 ఓమ్‌లకు అర ఆంపియరు వస్తుంది. కరెంటంతా ఆ రెసిస్టరు గుండానే పారుతుంది కనుక మామూలు పొటెన్షియోమీటరు (నాబ్ తిప్పి మార్చే రెసిస్టరు) మాడిపోతుంది. వేర్వేరు రెసిస్టర్లను ఎంచుకునే రోటరీ స్విచ్చే మేలు.

జవాబు 2: నాబే కావాలంటే 0.5 ఓమ్ షంటుపై (కరెంటును కొలిచే చిన్న రెసిస్టరుపై) ఏర్పడే వోల్టేజీని, నాబ్‌తో మార్చే రిఫరెన్సు వోల్టేజీతో ఆప్‌యాంప్ (ఆపరేషనల్ యాంప్లిఫయరు ఐసీ) ద్వారా పోల్చి, పరిమితి దాటగానే డయోడు ద్వారా అడ్జస్ట్ పిన్నును కిందికి లాగించాలి. చాలామంది మరిచేది ఒకటుంది: ఆ పిన్ను సున్నాకు చేరినా ఔట్‌పుట్‌లో 1.25 వోల్టులు మిగులుతాయి కాబట్టి, షార్టయినప్పుడూ పరిమితి నిలవాలంటే ఆప్‌యాంప్‌కు చిన్న నెగటివ్ సప్లై తప్పనిసరి.

జవాబు 3: షార్టులో 1 ఆంపియరు వద్ద ఎల్‌ఎం317లో దాదాపు 25 వాట్ల వేడి పుడుతుంది. ముందు హీట్‌సింక్ (వేడిని బయటికి పంపే లోహపు ముక్క) సంగతి చూడండి.