సిల్క్ బోర్డ్ దగ్గర బండి ఆగి ఉండగానే ఇంజన్ స్టార్ట్ అవుతోంది, లోపమా?

ప్రశ్న: నమస్కారమండీ. బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. స్ట్రాంగ్ హైబ్రిడ్ కారు (పెట్రోలు ఇంజన్‌తో పాటు బ్యాటరీ మోటారుతోనూ నడిచేది) కొని రెండు నెలలైంది. సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆగిపోతుంది, హాయిగా ఉంటుంది. కానీ సాయంత్రం సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్‌లో బండి అంగుళం కదలకపోయినా ఇంజన్ దానంతటదే స్టార్ట్ అవుతుంది. కాసేపటికి ఆగుతుంది, మళ్లీ మొదలు. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో పెట్టుకుని కూర్చుంటున్నాను. ఇన్నిసార్లు స్టార్టయితే స్టార్టర్ మోటారు పోతుందేమోనని టెన్షన్. సర్వీస్ వాళ్లేమో "హైబ్రిడ్ అంటే అంతే సార్" అని పంపేశారు.

జవాబు: లోపం కాదండీ. ఆ న్యూట్రల్ అలవాటు మాత్రం ఇవాళే మానేయండి.

ఇంజన్ ఆగినా మీ ఏసీ ఆగట్లేదు, గమనించారా? కంప్రెసర్ బెల్టుతో కాదు, హైబ్రిడ్ బ్యాటరీ కరెంటుతో తిరుగుతుంది. ఆ బ్యాటరీ మనం అనుకున్నంత పెద్దదేమీ కాదు. టయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్లలో దాని సామర్థ్యం 0.76 కిలోవాట్ అవర్, అంటే ఇంటి మీటర్ లెక్కలో ఒక్క యూనిట్ కూడా లేదు. పైగా బ్యాటరీ మన్నాలని కంప్యూటర్ దాన్ని పూర్తిగా నిండనివ్వదు, పూర్తిగా ఖాళీ కానివ్వదు. ఎండలో ఏసీ ఫుల్లుగా పెడితే ఆ కాస్త చార్జ్ ఎంతసేపు వస్తుంది చెప్పండి? అది తగ్గగానే ఇంజన్ లేచి జనరేటర్‌ను తిప్పుతుంది, కావలసినంత నింపి ఆగుతుంది.

టయోటా తరహా హైబ్రిడ్లలో న్యూట్రల్‌లో ఉంటే ఆ చార్జింగ్ జరగదు. ఏసీ తాగుతూనే ఉంటుంది, నింపే దిక్కుండదు. డీ (డ్రైవ్)లోనే ఉంచి బ్రేక్ తొక్కి పట్టుకోండి, లేదా బ్రేక్ హోల్డ్ (కాలు తీసినా బ్రేక్ పట్టి ఉంచే బటన్) వాడండి. ఇక కదలదు అనిపిస్తే పీ (పార్క్)లో పెట్టండి.

స్టార్టర్ సంగతంటారా, ఈ బండ్లలో మామూలు స్టార్టర్ మోటారే లేదు! ఆ జనరేటరే మోటారుగా మారి ఇంజన్‌ను లేపుతుంది. 1997లో జపాన్‌లో వచ్చిన టయోటా మొదటి ప్రియస్ హైబ్రిడ్ కారు నుంచీ ఇదే పద్ధతి.

ప్రశ్న: మరి పొద్దున్నే, బ్యాటరీలో చార్జ్ ఉన్నా ఇంజన్ ఎందుకు లేస్తుంది?

జవాబు: చల్లగా ఉంటుంది కదండీ. పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్ వేడెక్కితేగానీ సరిగా పనిచేయదు. కాసేపు తిరగనివ్వండి.

ఇంకొకరు: చిన్న మాట. మా బావమరిది బండి మైల్డ్ హైబ్రిడ్, అంటే చిన్న మోటారు ఇంజన్‌కు సాయం మాత్రమే చేస్తుంది. అందులో ఇంజన్ ఆగితే ఏసీ ఫ్యాన్ తప్ప చల్లదనం రాదు, కంప్రెసర్ బెల్టుకే ఉంది. లోపల వేడెక్కగానే ఇంజన్ లేస్తుంది. విసుగొస్తే, ఇంజన్ ఇలా దానంతటదే ఆగకుండా చేయడానికి స్విచ్ ఉంది. మీ బండికి ఆ స్విచ్ వెతక్కండి. అన్నట్టు, వెనక సీటు కింద గాలి పీల్చే జాలీ ఉంటే దానికి ఏదీ అడ్డం పెట్టొద్దు, బ్యాటరీ చల్లబడేది ఆ గాలితోనే.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ. నిన్న డీలోనే ఉంచి, ఏసీ 20 నుంచి 25కి మార్చాను. ఇంజన్ లేవడం బాగా తగ్గింది. ఆ జాలీకి ఆనించి మా పాప స్కూలు బ్యాగు ఉంది, తీసేశాను.