18 ఏళ్లు ఎస్ఐగా చేశాక లెక్చరర్‌గా వెళ్లొచ్చా?

గాజువాక ఎస్ఐ:
వయసు 42. ఉద్యోగంలో చేరకముందే ఎల్ఎల్‌బీ చేశాను. ఏజెన్సీ నుంచి దిగే గంజాయి కేసులు చాలా చూశాను. అర్ధరాత్రి వీఆర్వోని మధ్యవర్తిగా, అంటే సోదాకు సాక్షిగా, పిలిపించి జీపు బానెట్ మీద రిపోర్టు రాస్తాం, నాలుగేళ్ల తర్వాత కోర్టులో ఆయనే 'సంతకం నాదే, సరుకు మాత్రం చూడలేదు' అంటాడు, కేసు పోతుంది. ఇదెందుకు జరుగుతుందో లా చదివే పిల్లలకు చెప్పాలని బలంగా ఉంది. ఈ అనుభవం లెక్కలోకి వస్తుందా, మళ్లీ చదవాల్సిందేనా? ఇంట్లో అందరూ టెన్షన్ పడుతున్నారు.

సబ్బవరం లా టీచర్:
చదవాల్సిందే సార్. పీజీఎల్‌సెట్ (ఎల్ఎల్ఎం ప్రవేశ పరీక్ష) రాసి ఎల్ఎల్ఎం చేయండి, 55 శాతం రావాలి (రిజర్వేషన్ ఉంటే 50), ఆపైన నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష). నెట్‌లోనే ఇచ్చే పరిశోధన ఫెలోషిప్ జేఆర్ఎఫ్‌కు మీకు వయసు దాటింది గానీ అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు వయసు అడ్డం కాదు. ఇక అనుభవం సంగతి. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి కదా, సోదాలు వీడియో తీయాలని బీఎన్ఎస్ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 105వ సెక్షన్ చెప్తోంది. నేను అది చదివి వినిపిస్తాను, అంతే. సిగ్నల్ లేని ఊళ్లో, వానలో, ఎవరి ఫోన్‌తో తీస్తారని పిల్లలు అడిగితే నా దగ్గర జవాబు లేదు, మీ దగ్గర ఉంటుంది.

రిటైర్డ్ సీఐ, ఎంవీపీ:
తమ్ముడూ, తొందరపడి రాజీనామా ఇవ్వకు. నువ్వు సీపీఎస్ (కాంట్రిబ్యూటరీ పెన్షన్) వాడివి, ముందే బయటికొస్తే చేతికి ఎంతొస్తుందో కనుక్కో. ఎల్ఎల్ఎం అయ్యాక పీహెచ్‌డీ పార్ట్‌టైమ్‌లో చేయొచ్చు, యూజీసీ 2022 నిబంధనల్లోనే ఉంది, డిపార్ట్‌మెంట్ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) ఉండాలి.
ఇంకో మాట. ఒకసారి లా కాలేజీలో గెస్ట్ లెక్చర్‌కి నా పాత రిపోర్టులు మూడు పట్టుకెళ్లాను. ఒకమ్మాయి మూడూ చదివి 'సార్, అన్నింట్లోనూ ముద్దాయి పోలీసులను చూసి పారిపోబోయాడు అనే ఉందేంటి?' అంది. నాకు నోట మాట రాలేదు. నువ్వు చేయాల్సిన పరిశోధన అక్కడుంది. మన రాత మనమే అనుమానంగా చదవగలిగితేనే వెళ్లు.

గాజువాక ఎస్ఐ:
ఆ వాక్యం నేనూ ఎన్నోసార్లు రాశాను సార్. రాత్రి నుంచి అదే తిరుగుతోంది మనసులో. ఎల్ఎల్ఎంకి స్టడీ లీవ్ దొరికిన వాళ్లెవరైనా ఉంటే దరఖాస్తు ఎలా పెట్టారో చెప్పండి.