‘ఎస్.ఎస్.’ పోయి ‘జాగ్వార్’ మిగిలిన వైనం

1930ల నాటి జాగ్వార్ కార్ల మీద కనిపించే ‘ఎస్.ఎస్.’ అన్న పొడి అక్షరాలకు పూర్తి రూపం ఏమిటని మన సభ్యులొకరు అడిగారు. అందరూ ఒప్పుకున్న పూర్తి రూపం ఏదీ లేదన్నదే దానికి సరైన సమాధానమని, ఆ లోటు వల్లనే ఆ అక్షరాలు తరువాత నిలవలేకపోయాయని నా అభిప్రాయం.

1922లో ఇంగ్లండులోని బ్లాక్‌పూల్ పట్టణంలో విలియం లయన్స్, విలియం వామ్‌స్లీ అనే ఇద్దరు యువకులు మోటారు సైకిళ్లకు పక్కన తగిలించే సైడ్‌కార్ల తయారీ మొదలుపెట్టి, సంస్థకు ‘స్వాలో’ అనే వలసపిట్ట పేరు పెట్టుకున్నారు. 1927లో ఆస్టిన్ సెవెన్ అనే చిన్న కారు చాసిస్ (అడుగు చట్రం) మీద తమ సొంత బాడీ కట్టి అమ్మారు. మరుసటి ఏడాది కార్ల పరిశ్రమకు కేంద్రమైన కోవెంట్రీకి మకాం మార్చారు. 1931లో స్టాండర్డ్ మోటార్ కంపెనీ చేసి ఇచ్చిన చాసిస్ మీద, పొడవాటి బానెట్‌తో నేలను అంటుకుని పోతున్నట్టుండే ‘ఎస్.ఎస్. వన్’ను విడుదల చేశారు. ఈ పేరును కొందరు ‘స్టాండర్డ్ స్వాలో’ అని, మరికొందరు ‘స్వాలో స్పోర్ట్స్’ అని విప్పి చెప్పారు. రెండు సంస్థలకూ తలా ఒక అర్థం దక్కేలా ఆ అక్షరాలను అలాగే ఉంచేశారని నాకనిపిస్తుంది.

1935లో కొత్త సెలూన్ కారుకు పేరు కావలసి వచ్చినప్పుడు, ప్రకటనల సంస్థ ఇచ్చిన జంతువుల, పక్షుల, చేపల పేర్ల జాబితాలోంచి లయన్స్, చిరుతను పోలిన అడవి మృగం పేరైన ‘జాగ్వార్’ను ఎంచుకున్నారు. ఆ మాట ఆయనకు కొత్తది కాదు. ఆర్మ్‌స్ట్రాంగ్ సిడ్లీ వారి జాగ్వార్ విమాన ఇంజను గురించి చిన్ననాటి స్నేహితుడు చెప్పిన కబుర్లు ఆయన మనసులో ఉండిపోయాయి. ఆ సంస్థ అనుమతి తీసుకునే పేరు పెట్టారు. లండనులోని మేఫెయిర్ హోటల్లో డీలర్లకు కారును చూపించి, ధర ఎంత ఉంటుందో కాగితం మీద రాయమంటే, వారి అంచనాల సగటు 632 పౌండ్లు తేలింది. అసలు ధర 385 పౌండ్లే. చూపులో విలాసం, ధరలో అందుబాటు అన్న లయన్స్ పద్ధతికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

అప్పటి పూర్తి పేరు ‘ఎస్.ఎస్. జాగ్వార్’. మన లెక్కలో చెప్పాలంటే ఎస్.ఎస్. ఇంటిపేరు, జాగ్వార్ పెట్టిన పేరు. ఇంతలో హిట్లర్ జర్మనీలోని ఎస్.ఎస్. దళం అకృత్యాలతో ఆ రెండు అక్షరాలు వింటేనే ఏవగింపు పుట్టే స్థితి వచ్చింది. తమకంటూ స్థిరమైన అర్థం లేని అక్షరాలు కనుక, కొత్త అర్థాన్ని అడ్డుకునే బలం వాటికి లేకపోయింది. 1945 మార్చిలో వాటాదారుల ఆమోదంతో సంస్థ ‘జాగ్వార్ కార్స్ లిమిటెడ్’ అయింది. అలా ఇంటిపేరు పోయి, పెట్టిన పేరే ఇంటిపేరుగా నిలిచింది.

ఆ తరువాతి పేర్లలోని అక్షరాలకూ అంకెలకూ మాత్రం స్పష్టమైన అర్థాలున్నాయి. 1948లో వచ్చిన ‘ఎక్స్‌కే 120’లోని 120 గంటకు వెళ్లగల మైళ్ల వేగం. నమ్మనివారి కోసం 1949లో బెల్జియంలోని జబెక్ రహదారిపై ముందు అద్దం తీసేసి నడిపి, 132 మైళ్లు దాటించి చూపారు. ‘సి టైప్’లోని ‘సి’ కాంపిటీషన్‌కు, అంటే పోటీకి సూచన. ఆ కారు 1951లోనూ 1953లోనూ లె మాన్ 24 గంటల పందెం గెలవగా, దాని వారసురాలు ‘డి టైప్’ 1955 నుంచి వరుసగా మూడేళ్లు గెలిచింది. 1961 నాటి ‘ఈ టైప్’కు వచ్చేసరికి అక్షరం కేవలం వరుసక్రమమే.

తరువాత సంస్థ బ్రిటిష్ లేలాండ్‌లో కలిసి, 1984లో విడివడి, ఫోర్డ్ చేతికి వెళ్లి, 2008లో ల్యాండ్ రోవర్‌తో పాటు టాటా మోటార్స్ సొంతమైంది. ఇప్పుడు మన వాణిజ్య పేజీల్లో కనిపించే ‘జేఎల్‌ఆర్’ (జాగ్వార్ ల్యాండ్ రోవర్) ఆ ఉమ్మడి సంస్థే. అయితే ఈ పొడి అక్షరాలకు పూర్తి రూపం ఏమిటన్న సందేహం ఎవరికీ లేదు.

ఇక ఈ పేరును తెలుగులో ఎలా రాయాలన్న విషయం. బ్రిటన్‌లో ‘జాగ్యువ’ అన్నట్టు పలికినా, దక్షిణ అమెరికాలోని టుపి గ్వారానీ భాషల మూలపదానికి మన పత్రికల ‘జాగ్వార్’ దగ్గరగానే ఉంది కనుక, దాన్నే కొనసాగించడం మేలు.