ప్రపంచ బ్యాంకు షరతులకూ మన బోరుబావుల కరెంటుకూ సంబంధం ఎంత?

హన్మకొండ_ఎంఏ: ఎకనామిక్స్ ప్రాజెక్టు కోసం అడుగుతున్న. అప్పిచ్చిన సంస్థల షరతులు ఉత్తర తెలంగాణ ఎవుసం మీద ఏం ప్రభావం చూపినయన్నది అంశం. కొందరు "అంతా ప్రపంచ బ్యాంకే చేసింది" అంటరు, ఇంకొందరు "91లో ఆ షరతులు ఒప్పుకోకుంటే దేశం దివాళా తీసేది" అంటరు. ఏది షరతు వల్ల వచ్చింది, ఏది మన సర్కారు సొంత నిర్ణయం, ఎట్ల విడదీయాలె? ఎరువులు, కరెంటు రెండే తీసుకుంటే సరిపోతదా?

లెక్కల_పంతులు: సరిపోతుంది, కానీ రెండింటినీ ఒకే గాటన కట్టకు. ఎరువులది 1991 నాటి ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) వ్యవహారం. కరెంటుది 1998 తర్వాత ప్రపంచ బ్యాంకు వ్యవహారం.

1991 జూన్‌లో విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకు మించి లేదు. జూలై 1న, 3న రూపాయి విలువ తగ్గించారు. 47 టన్నుల బంగారం లండన్, టోక్యో కేంద్ర బ్యాంకుల దగ్గర కుదువ పెట్టారు. ఐఎంఎఫ్ ప్రధానంగా అడిగింది బడ్జెట్ లోటు తగ్గించమని. ఆ కోత ఎవరి నెత్తిన వేయాలన్నది మాత్రం ఢిల్లీ ఎంచుకుంది. జూలై బడ్జెట్‌లో ఎరువుల ధర 40 శాతం పెంచి, గొడవ కాగానే 30కి దించారు. బేరానికి చోటుందనేగా అర్థం?

అసలు దెబ్బ 1992 ఆగస్టులో తగిలింది. ఫాస్ఫేట్, పొటాష్ ఎరువుల ధరల మీద నియంత్రణ ఎత్తేశారు. యూరియా మీద ఉంచడమే కాక, దాని ధర 10 శాతం తగ్గించారు కూడా. డీఏపీ, పొటాష్ బస్తాలు ప్రియమయ్యేసరికి రైతు యూరియాకు మళ్లాడు. దేశం మొత్తంలో నత్రజని, భాస్వరం, పొటాష్ వాడకం 1991-92లో 5.9:2.4:1 ఉంటే మరుసటి ఏడాదే 9.5:3.2:1కి పోయింది. ఉండాల్సింది 4:2:1 అంటారు. పత్తికి నత్రజని ఎక్కువైతే చేను ఏపుగా కమ్ముకుంటుంది, పురుగుకు లేత ఆకు దొరుకుతుంది, మందుల ఖర్చు పెరుగుతుంది. సగంలో ఆపిన ఈ సంస్కరణ ఖర్చు సర్కారు లెక్కల్లో కనబడదు, రైతు పద్దులో కనబడుతుంది.

లైన్‌మన్_కాదు: కరెంటు గురించి నేను చెప్తా. వరుస చూడు. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ విద్యుత్ సంస్కరణల చట్టం. 1999 ఫిబ్రవరి 1న విద్యుత్ బోర్డును జెన్‌కో (కరెంటు ఉత్పత్తి), ట్రాన్స్‌కో (సరఫరా) అని విడగొట్టిన్రు. అదే నెలల ప్రపంచ బ్యాంకు 21 కోట్ల డాలర్ల అప్పు మంజూరు. 2000 ఏప్రిల్‌ల నాలుగు డిస్కంలు (ఇంటింటికీ, బోర్లకూ కరెంటు పంచే కంపెనీలు), అందుల ఉత్తర డిస్కంకు వరంగల్ కేంద్రం. ఆ ఎండాకాలమే చార్జీల పెంపు, ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌ల ఆ పెంపు మీద నిరసన తెలుపుతున్నోళ్ల మీద పోలీసు కాల్పులు. ముందు చట్టం, వెనుక పైసలు: "ముందస్తు చర్య" అంటే ఇదే.

ఇగ బోరు లెక్క. అప్పట్ల మోటర్లకు మీటర్లు లేకుండె, హార్స్‌పవర్‌ను బట్టి స్లాబు రేటు (ఎంత వాడినా ఒకటే బిల్లు) ఉండె. 5 హెచ్‌పీ అంటే 3.7 కిలోవాట్లు. రోజుకు 7 గంటలు, 120 రోజులు నడిస్తే సుమారు 3,100 యూనిట్లు. యూనిట్‌కు 2 రూపాయలు పడుతదనుకున్నా 6,200. స్లాబు కింద వచ్చేది అందుల చిన్న ముక్క, కాబట్టి "రైతుకు సబ్సిడీ" అని రాసుకున్నరు. అయితే ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) లైన్ చివర వోల్టేజీ పడిపోతే మోటరు ఎక్కువ కరెంటు గుంజి వైండింగ్ కాలుతది. 5 హెచ్‌పీకి 2 కేవీఏఆర్ సైజు కెపాసిటర్ (మోటరు లైన్ నుంచి గుంజే అదనపు కరెంటును తగ్గించే డబ్బా) పెట్టకుంటే లైన్ మీద భారం ఇంకా పెరుగుతది. రివైండింగ్ కూలి, తడి అందక ఎండిన పంట ఏ టారిఫ్ (కరెంటు చార్జీల) పట్టికల ఉండవు. పైగా మీటరు లేని చోట దొంగతనం, లైన్ నష్టం అంతా "వ్యవసాయం" గడిలనే పోసిన్రు. బోర్డును విడగొట్టేటప్పుడు లెక్కలు తిరగరాస్తే ఎవుసం వాటా తగ్గి నష్టాల వాటా పెరిగింది. నా లెక్కల ఆ సంస్కరణతోటి వచ్చిన అసలు మేలు ఇదొక్కటే.

కాలువ కింద డెల్టా రైతుకు ఈ బిల్లు తగలలే, బోరు మీద బతికే వరంగల్ రైతుకు తగిలింది. ప్రాజెక్టుల ఇది తప్పక రాయి.

పత్తి_గింజ: ఒక్క మాట. 1997-98 వరంగల్ పత్తి రైతుల ఆత్మహత్యలను కరెంటు అప్పు కింద రాయకండి, ఆ అప్పు 1999ది. అప్పటి కారణాలు వేరు: పొగాకు లద్దె పురుగు, కల్తీ మందులు, విత్తనం నుంచి మందు దాకా ఒకే దుకాణంల ఉద్దెర, ఆ మిత్తి కింద పంటను ఆ సేటుకే అమ్ముడు. బ్యాంకు అప్పు అందకపోవుడు 91 తర్వాతి విధానాలకు ముడిపడ్డదే, కానీ దానికి వేరే అధ్యాయం కావాలె.

హన్మకొండ_ఎంఏ: మరి షరతు అని రుజువు ఏ కాగితంల దొరుకుతది?

లెక్కల_పంతులు: ఐఎంఎఫ్‌కైతే దేశం రాసిచ్చే ఉద్దేశ లేఖ, దాని వెనుక జతచేసే షరతుల పట్టిక. ప్రపంచ బ్యాంకుకైతే మొదట రుణ పత్రం, చివర్లో ముగింపు నివేదిక. ఈ రెండోదే కాస్త నిజం చెబుతుంది. వాటి తేదీలను జీవోల తేదీలతో పక్కపక్కన పెట్టు. తేట ఉదాహరణ శ్రీలంకది: 2023 ఫిబ్రవరిలో కరెంటు చార్జీలు 66 శాతం పెంచారు, మార్చిలో ఐఎంఎఫ్ దాదాపు 300 కోట్ల డాలర్ల కార్యక్రమానికి ఒప్పుకుంది.

ఇంకో పరీక్ష కూడా ఉంది. ఒత్తిడి తగ్గగానే వెనక్కి పోయిందా? జాంబియా 1986 డిసెంబర్‌లో మొక్కజొన్న పిండి సబ్సిడీ ఎత్తేస్తే అల్లర్లు లేచాయి. పెంపు రద్దు చేసి, 1987లో ఐఎంఎఫ్‌తో తెగతెంపులు చేసుకుంది. మన దగ్గర 2004 మేలో ఉచిత కరెంటు వచ్చింది, కానీ డిస్కంలు, చార్జీలు ఖరారు చేసే రెగ్యులేటరీ కమిషన్ అలాగే ఉన్నాయి. అంటే ధర షరతు నిలవలేదు, వ్యవస్థ షరతు నిలిచింది.

లైన్‌మన్_కాదు: కమిషన్ టారిఫ్ ఉత్తర్వులల్ల వ్యవసాయ వాడకానికి రెండు అంకెలుంటయి తమ్మీ: డిస్కం అడిగింది, కమిషన్ ఒప్పుకున్నది. రెండోది తీసుకో, మొదటిది ఫుట్‌నోట్‌ల పెట్టు.