డ్వార్ఫ్ ఫోర్ట్రెస్: పదిమంది స్క్వాడ్‌కి ట్రైనింగ్ ఎందుకు ఎక్కడం లేదు?

కోటకాపరి:
డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ (మరుగుజ్జుల కోటని మనం నడిపే కంప్యూటర్ గేమ్) స్టీమ్ వెర్షన్ ఆడుతున్నాను. పదిమందితో ఒక స్క్వాడ్ ఉంది. బ్యారక్స్ జోన్ (సైనికులు ట్రైనింగ్ అయ్యే చోటు) కేటాయించాను, అందరికీ ఇనుప కత్తులు, డాళ్లు ఉన్నాయి, షెడ్యూల్ కాన్‌స్టంట్ ట్రైనింగ్, అంటే ఎప్పుడూ ట్రైనింగే. అయినా స్కిల్స్ కదలడం లేదు. ఎప్పుడు చూసినా సగంమంది డెమాన్‌స్ట్రేషన్ మొదలవ్వడం కోసం ఎదురుచూస్తూ నిలబడి ఉంటున్నారు. శత్రువులైన గోబ్లిన్లు ఎప్పుడొచ్చి పడతాయోనని టెన్షన్‌గా ఉంది. మీరంతా ఎలా తయారు చేస్తున్నారు?

గుహవాసి:
ఆ ఎదురుచూపుల్లోనే కాలమంతా పోతోంది. ఒంటరిగా చేసే డ్రిల్, ఒకరు చూపిస్తే మిగతావాళ్లు చూసి నేర్చుకునే డెమాన్‌స్ట్రేషన్, ఇద్దరు తలపడే స్పారింగ్, ఇవన్నీ ట్రైనింగ్ కిందకే వస్తాయి. కానీ వీటిలో అసలు లాభం స్పారింగ్‌లోనే. ఆయుధం, డాలు, కవచం వాడకం, తప్పుకోవడం అన్నీ ఒకేసారి పెరుగుతాయి. డెమాన్‌స్ట్రేషన్‌లో ఒక్క విషయమే నేర్పుతారు. అది కూడా చూపించేవాడికి టీచింగ్, చూసేవాడికి స్టూడెంట్ స్కిల్ లేకపోతే నత్తనడకే.

పదిమంది ఉంటే ఒకడు తిండికి, ఒకడు నిద్రకి, ఒకడు గుడికి పోతాడు. వాళ్లు వచ్చేదాకా మిగతావాళ్లు నిలబడే ఉంటారు. ఇద్దరిద్దరుగానో ముగ్గురేసిగానో చిన్న స్క్వాడ్‌లు చేయండి. ఇద్దరే ఉంటే తలపడటం తప్ప పెద్దగా పని ఉండదు. బ్యారక్స్ అందరికీ ఒకటే సరిపోతుంది.

రాతిగొడ్డలి:
గుహవాసి గారు చెప్పింది నిజమే కానీ యుద్ధం వచ్చినప్పుడు అన్ని స్క్వాడ్‌లకి ఆర్డర్లు ఇవ్వడం నాకు నచ్చదు. పదిమందినీ ఒకే స్క్వాడ్‌లో ఉంచి షెడ్యూల్ మార్చుకుంటాను. ఒకే నెలలో చాలా ట్రైన్ ఆర్డర్లు పెట్టి, ఒక్కోదానికి కనీసం ఇద్దరు అని ఇస్తాను. అప్పుడు పదిమంది ఒక్కచోట గుమిగూడాల్సిన పని ఉండదు, జంటలుగా విడిపోతారు. సెట్ చేయడానికి కాస్త ఓపిక కావాలి. ఒక్కసారి చేసుకుంటే చాలు, మిగతా నెలలకి అదే కాపీ చేసుకోవచ్చు.

ఇంకోటి. వలస వచ్చినవాళ్ల స్కిల్స్ ఒకసారి చూడండి. వాళ్లలో ఆయుధం ముందే తెలిసినవాళ్లు ఉంటారు. వాళ్లందరినీ ఒకే స్క్వాడ్‌లో కుక్కకుండా, ఒక్కో జంటకి ఒకర్ని వేయండి.

నీలిరాయి:
కాన్‌స్టంట్ ట్రైనింగ్ ఏడాదంతా ఉంచితే మనసు దెబ్బతింటుంది. ప్రార్థన, స్నేహితులతో కబుర్లు, ఏ అవసరమూ తీరక వాళ్లలో స్ట్రెస్ పేరుకుంటుంది. అందుకే నేను స్టాగర్డ్ ట్రైనింగ్ వాడతాను, సగం స్క్వాడ్ ట్రైనింగ్‌లో ఉంటే సగం మామూలు బతుకు బతుకుతారు. నెమ్మదిగానే పెరుగుతారు, కానీ పిచ్చెక్కి తోటివాళ్ల మీద పడరు. నా దృష్టిలో అదే ముఖ్యం.

ఇనుపకొలిమి:
తొందరగా కావాలంటే డేంజర్ రూమ్ ఉండనే ఉంది. నేలలో చెక్క ట్రైనింగ్ ఈటెలు నిలబెట్టి లెవర్‌కి కలపండి. ఒకర్ని కూర్చోబెట్టి లెవర్ లాగిస్తూ ఉంటే ఈటెలు పైకి లేస్తూ దిగుతూ ఉంటాయి, ఆ గదిలో నిలబడ్డ మీ సైనికులు తప్పుకోవడం, డాలు అడ్డం పెట్టడం వేగంగా నేర్చేసుకుంటారు. ఈటెలు చెక్కవే ఉండాలి, లోహానివి వద్దు. తలకి హెల్మెట్‌తో సహా పూర్తి కవచం ఉండాలి.

నీలిరాయి:
ఇనుపకొలిమి గారూ, తల్లులైన సైనికుల గురించి కూడా చెప్పాలి కదా. బిడ్డని ఎత్తుకునే ట్రైనింగ్‌కి వస్తారు. ఈటె తల్లి కవచానికి తగిలి ఆగుతుంది, పసిబిడ్డకి కవచం లేదు. బిడ్డ పోతే తల్లి మనసు కోలుకోదు. పెంపుడు జంతువులదీ అదే పరిస్థితి. నేనైతే ఆ గది కట్టను. దానికంటే కేజ్ ట్రాప్‌లో (పంజరంలో బంధించే ఉచ్చులో) పడ్డ గోబ్లిన్లు ఎంతో మేలు. పంజరంలో ఉండగానే దాని ఆయుధాలు, కవచం డంప్‌కి (పారేయడానికి) మార్క్ చేసి తీయించండి. పంజరాన్ని లెవర్‌కి కలిపి, స్క్వాడ్ ముందు తెరవండి. అసలైన పోరాటం నేర్పినంతగా ఏ డ్రిల్లూ నేర్పదు.

కోటకాపరి:
అందరికీ థాంక్స్. స్క్వాడ్‌ని జంటలుగా విడగొట్టాను, స్పారింగ్ బాగానే కనిపిస్తోంది. కానీ ఒక జంటలో ఒకతను బ్యారక్స్‌కి వచ్చి వెంటనే వెళ్లిపోతున్నాడు, కత్తి తీసుకుంటాడు, మళ్లీ కింద పెడతాడు. విల్లు స్క్వాడ్ గురించి కూడా చెప్పండి.

గుహవాసి:
అతని పనులు చూడండి, మైనింగ్ ఉండి ఉంటుంది. మైనింగ్, చెట్లు నరకడం, వేట, ఈ మూడింటికీ వాటి సొంత సామాన్లు ఉంటాయి, సైనిక యూనిఫామ్‌తో పడవు. ఆ పని తీసేయండి, లేదంటే అతన్ని స్క్వాడ్ నుంచి తప్పించండి.

క్రాస్‌బో (అడ్డవిల్లు) వాళ్లకి ఆర్చరీ టార్గెట్, బాణాలు ఉండాలి. ట్రైనింగ్‌కి చెక్క, ఎముక బాణాలు కేటాయించి, లోహపువి యుద్ధానికే ఉంచండి. బాణాలు అయిపోతే క్రాస్‌బోతోనే బాదుతారు, అప్పుడు పనిచేసేది హామర్ స్కిల్. కాబట్టి వాళ్లని గోడ పైన, గోబ్లిన్లు ఎక్కలేని చోట నిలబెట్టండి.